పింఛను పడవెక్కి వచ్చింది, ఇంజెక్షన్ రాలేదు: ఒక లంకలో మానసిక ఆరోగ్య నిధుల మదింపు

నా చేతికి ఇచ్చిన ఖర్చుల పట్టీలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగం ఖర్చయింది. వోచర్లు ఉన్నాయి. నిధులు వాడామని చెప్పే యూటిలైజేషన్ సర్టిఫికెట్ మీద సంతకాలై పైకి వెళ్లింది. క్యాంపులు దాదాపు అనుకున్నన్ని జరిగాయి, ట్రైనింగ్ అయితే ఒకటి ఎక్కువే జరిగింది. ఆ పట్టీ ప్రకారం అది బాగా నడిచిన సంవత్సరం.

అదే సంవత్సరం అక్టోబరులో, ఏటిగట్టుకు అవతల ఒక లంకలో, ముప్పై నాలుగేళ్ల మనిషిని సొంత అన్నదమ్ములే కొబ్బరి తాడుతో మంచానికి కట్టేశారు. నాలుగు రోజులు అలాగే ఉంచారు. ఐదో రోజు పడవలో రేవు దాటించి, కారు కట్టించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

ఈ రెండూ ఒకే ఏడాది, ఒకే కార్యక్రమం కింద ఎలా జరిగాయో తెలుసుకోవడానికి నేను చేసిన పని ఇది. నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. గోదావరి డెల్టాలో ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఆ ఏడాది నిధులు ఎలా వాడారో చూసి రిపోర్టు ఇమ్మని నన్ను అడిగారు. ఊరి పేరు, పీహెచ్‌సీ పేరు, సంవత్సరం ఇక్కడ రాయడం లేదు. లంక గ్రామంలో ఇలాంటి జబ్బుకు మందు వాడేవాళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు, అంకె ఇచ్చినా మనిషిని గుర్తుపట్టేస్తారు. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను, కొన్ని వివరాలు మార్చాను.

ఆ మనిషి

స్కిజోఫ్రెనియా మొదలైనప్పుడు అతనికి ఇరవై మూడేళ్లు. అప్పటికి కొబ్బరి దింపు పని చేసేవాడు. చెట్టు మీద ఉండగా కింద నుంచి ఎవరో తనను తిడుతున్నారని దిగిపోయేవాడు, పక్క తోటవాళ్లతో గొడవపడేవాడు. గాలి సోకిందన్నారు, తర్వాత చేతబడి అన్నారు. తాయెత్తులకీ మొక్కులకీ మూడేళ్లు గడిచాయి. చివరికి ఒక ఆశా కార్యకర్త పట్టుబట్టి పీహెచ్‌సీలో జరిగే నెలవారీ మానసిక వైద్య క్యాంపుకు తీసుకొచ్చింది.

మాత్రలు ఇస్తే నోట్లో పెట్టుకుని బయటికి వెళ్లి ఉమ్మేసేవాడు. అందుకని డాక్టరుగారు ఫ్లూఫెనజైన్ డెకనోయేట్ ఇంజెక్షన్‌కు మార్చారు. ఇది కండకు ఇచ్చే నూనె మందు, ఒకసారి ఇస్తే రెండు నుంచి నాలుగు వారాలు పనిచేస్తుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, వెలుతురు తగలకుండా ఉంచితే చాలు. ఒక మోతాదు ఖరీదు వంద రూపాయలు కూడా ఉండదు. అతనికి నాలుగు వారాలకు ఒకటి సరిపోయింది. చేతులు కొంచెం బిగుసుకుపోతాయని దానికి విరుగుడు మాత్ర ఇచ్చారు. చెట్టెక్కడం మాన్పించాం, కొబ్బరి వలుపులో కుదిరాడు. నెలలో పదిహేను రోజులైనా పని చేసేవాడు. సాయంత్రం రేవు దగ్గర కూర్చుని నలుగురితో మాట్లాడేవాడు. వాళ్లమ్మ నాతో ఒకసారి అన్న మాట: "ఇదివరకటిలాగ అవ్వలేదండి మేడంగారూ, కానీ మా ఇంట్లోకి తిరిగొచ్చేశాడండి."

మంచానికి కట్టేసిన సంగతి విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఏర్వాడి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ ఊళ్లో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మంటల్లో చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక అనారోగ్యం ఉన్నవారిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని చెబుతోంది. నేను ఆ ఇంటికి వెళ్లినప్పుడు అన్నగారు తల వంచుకుని కూర్చున్నాడు. "కట్టకపోతే ఏట్లో దూకేసేవాడండి. మేం ఏం చెయ్యాలండి?" అన్నాడు. అతన్ని తప్పుపట్టే మాట నా నోట రాలేదు. వరద నీరు ఇంకా పూర్తిగా తీయని గోదారి వాళ్ల పెరటికి ఇరవై గజాల దూరంలో ఉంది.

డబ్బు ఎంత, ఎలా వస్తుంది

భారతదేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. జిల్లా స్థాయిలో ఎలా నడపాలో కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) 1985 నుంచి చేసి చూపించింది. పీహెచ్‌సీ డాక్టర్లకూ సిబ్బందికీ శిక్షణ ఇవ్వడం, మందులు దగ్గరలోనే దొరికేలా చూడటం, జిల్లా నుంచి ఒక బృందం తోడుండటం అందులో ముఖ్యమైనవి. 1996లో దాన్నే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టారు. వాటిలో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి.

నిబంధనల ప్రకారం ఒక్కో జిల్లాకు ఏడాదికి గరిష్ఠంగా 83.20 లక్షల రూపాయలు. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు వంటి సిబ్బంది జీతాలు, మందులు, శిక్షణ, ప్రచారం, తిరుగుడు ఖర్చు అన్నీ అందులోనే. జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా వచ్చే ఈ డబ్బులో కేంద్రం వాటా 60 శాతం, మన రాష్ట్రం వాటా 40 శాతం.

"జిల్లాకు ఇంత" అన్న మాట దగ్గర ఆగి లెక్క వెయ్యాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి తూర్పుగోదావరి జనాభా 51.54 లక్షలు. 83.20 లక్షలను అంతమందికీ పంచితే మనిషికి ఏడాదికి రూపాయి 61 పైసలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కోనసీమ జనాభా, అవే లెక్కల ప్రకారం, 17.19 లక్షలు. గరిష్ఠ మొత్తం పైసా తగ్గకుండా అందిందనుకున్నా మనిషికి 4 రూపాయల 84 పైసలు. రేవులో ఒక టీకి కూడా చాలదు.

ఇంకోలా చూద్దాం. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది, తీవ్ర రుగ్మతలు 0.8 శాతం. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, కాబట్టి ఆ శాతాలను మనకు అరువు తెచ్చుకోవాల్సిందే. కోనసీమలో పెద్దవాళ్లు 12 లక్షలు అనుకుంటే తీవ్ర రుగ్మతలున్నవారు సుమారు 9,600 మంది అవుతారు. డిప్రెషన్‌కు, తాగుడుకు, పిల్లల సమస్యలకు, ప్రచారానికి పైసా కూడా పెట్టకుండా మొత్తం వీళ్లకే ఖర్చు పెట్టినా ఒక్కొక్కరికి ఏడాదికి 867 రూపాయలు, అంటే నెలకు 72.

ఇది చాలదు. ఆ సంగతి రిపోర్టు మొదటి పేజీలోనే రాశాను. కానీ ఈ కేసులో అతని ఇంజెక్షన్ ఆగిపోయింది డబ్బు చాలక కాదు. అతనికి ఏడాది పొడవునా పట్టే మందు ఖరీదు, ఆ మార్చిలో గోడల మీద రాయించిన నినాదాల్లో ఒక్క గోడ ఖర్చు కంటే తక్కువ.

పన్నెండు గడులు

మొదట నేను కూడా అందరూ చూసేదే చూశాను: ఎన్ని క్యాంపులు, ఓపీలో ఎంతమంది. రెండు రోజులు రిజిస్టర్లు తిరగేశాక అందులో ఏం కనబడదో అర్థమైంది. ఒకే మనిషి ఆరుసార్లు వస్తే ఓపీ ఆరు. ఒకసారి వచ్చి మళ్లీ రాని ఆరుగురున్నా ఓపీ ఆరే. రానివాళ్లకు రిజిస్టర్‌లో గీత కూడా ఉండదు, వాళ్ల పేరు తర్వాతి పేజీలో లేకపోవడం ఒక్కటే ఆనవాలు.

అందుకని వేరే పని చేశాను. సైకోసిస్, బైపోలార్ లాంటి తీవ్ర మానసిక జబ్బులకు మందులు వాడుతున్న ప్రతి ఒక్కరి పేరుతో ఒక వరుస గీశాను. ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు గడులు. ఆ నెల వాళ్ల చేతికో ఒంటికో మందు అందితే గడి నింపాను, లేకపోతే ఖాళీ. స్టాకు రిజిస్టర్, ఓపీ రిజిస్టర్, ఇంటి దగ్గర మిగిలిన చీటీలు, ఆశా నోటుపుస్తకం, అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఒక్క గడి కూడా నిండదు. ఒక పీహెచ్‌సీకి దీనికి పది రోజులు పట్టింది.

అతని వరుసలో ఏడు గడులు నిండాయి. ఏప్రిల్, మే, జూన్. నవంబరు, డిసెంబరు. ఫిబ్రవరి, మార్చి. జులై నుంచి అక్టోబరు దాకా నాలుగు, జనవరి ఒకటి ఖాళీ. జనవరి సంగతి తేలికే: క్యాంపు రోజు సంక్రాంతి వారంలో పడింది, మార్చిన తేదీ లంకకు తెలియలేదు. మిగతా నాలుగు ఖాళీల వెనక ఏముందో ఒక్కొక్కటిగా వెతికాను.

జులైలో గోదారికి ఎర్రనీరు, అంటే వరద, వచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండోది ఇచ్చేసరికి చాలా లంకలకు దారి తెగిపోతుంది, లోతట్టు కాజ్‌వేలు అంతకు ముందే మునుగుతాయి. క్యాంపు రోజున పడవలు ఆపేశారు. పీహెచ్‌సీలో క్యాంపు మాత్రం జరిగింది, గట్టుకు ఇవతలి వాళ్లు వచ్చారు. పట్టీలో ఆ నెల "జరిగింది" అని ఉంది. అది నిజమే.

ఆగస్టులో నీరు తీసింది. తల్లీ కొడుకూ బురదలో నడిచి, పడవెక్కి, ఆటో పట్టుకుని వచ్చారు. ఇంజెక్షన్ లేదు. స్టాకు జులైలోనే అయిపోయింది, స్థానికంగా కొనడానికి మందుల పద్దు కింద డబ్బు ఇంకా రాలేదు. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి ఆమోదాలు రావాలి, కేంద్రం వాటా రాష్ట్ర ఖజానాకు చేరాలి, దానికి రాష్ట్ర వాటా కలవాలి, స్టేట్ హెల్త్ సొసైటీ నుంచి జిల్లాకు ఖర్చు పరిమితి రావాలి. ఆ ఏడాది ఇవన్నీ అయ్యేసరికి సెప్టెంబరు దాటింది. ఆగస్టులో వాళ్లకు మాత్రలు రాసిచ్చారు. అతను మాత్రలు మింగడన్న సంగతి పాత చీటీలో ఉంది, ఆ రోజు క్యాంపులో కూర్చున్న డాక్టరుగారు కొత్తవారు.

సెప్టెంబరులో తల్లి ఒక్కతే వచ్చింది. కొడుకు రానన్నాడు. రాత్రుళ్లు నిద్రపోవడం మానేసి ఏటిగట్టు మీద తిరుగుతున్నాడని చెప్పింది. మనిషి లేకుండా ఇంజెక్షన్ ఎలా ఇస్తాం అని పంపేశారు. లంకకు వెళ్లి చూసే అవకాశం ఆ బృందానికి కాగితం మీద ఉంది, అందుకు వాహనం అద్దె పద్దు కూడా ఉంది. ఎందుకు వెళ్లలేదని అడిగితే అకౌంట్స్ చూసే తమ్ముడు చెప్పిన జవాబు నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను: "అక్కా, పద్దు పేరు వెహికల్ హైర్ అండి. కారుకైతే బిల్లు పెట్టొచ్చు. పడవవాడి దగ్గర బిల్లుపుస్తకం ఎక్కడిదండి? చేతిరసీదు పెడితే ఆడిట్‌లో రాసేస్తారు." ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. అంతకుముందు ఏడాది ఇలాంటి రసీదు మీద ఆడిట్ అభ్యంతరం రాసిన కాగితం కూడా చూపించాడు, ఆ మొత్తం తన జీతంలోంచి పట్టుకుంటారేమోనని నెల రోజులు టెన్షన్ పడ్డాడట.

గోదావరి డెల్టాలో నడిచే కార్యక్రమానికి కారు ఖర్చు చెల్లుతుంది, పడవ ఖర్చు చెల్లదు. బళ్లారి నుంచి వచ్చిన నమూనాలో రేవులు లేవు కాబట్టి ఆ పద్దులో పడవ లేదు. పద్దు రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఇన్నేళ్లలో ఇక్కడివాళ్లం మనం దాన్ని మార్చమని రాసి అడగలేదు, ఆ బాధ మాత్రం ఉంది.

అక్టోబరు సంగతి పైన రాశాను.

మిగతావాళ్ల వరుసల్లోనూ ఖాళీలు ఎక్కువగా అవే నెలల్లో గుంపుగా ఉన్నాయి. గట్టుకు ఇవతలి ఊళ్ల వాళ్లకు ఆగస్టు, సెప్టెంబరు ఖాళీలు. అవతలి వాళ్లకు జులై కూడా. రాసిన కాగితాలన్నీ గోడకు అంటించి నిలబడి చూసినప్పుడు నాకు మొత్తం కేసు ఆ ఖాళీల ఆకారంలోనే కనిపించింది. డబ్బు రాని నెలలూ నది దాటనివ్వని నెలలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఒక్కటే వస్తే తట్టుకోవచ్చు. చేతిలో స్టాకు ఉంటే వరద తగ్గాక ఒక వారం ఆలస్యంగా అయినా అందుతుంది. దారి ఉంటే స్టాకు లేనప్పుడు పెద్దాసుపత్రికైనా పంపొచ్చు. రెండూ కలిసి వచ్చినప్పుడు నాలుగు వారాల మందు మీద బతుకుతున్న మనిషి మునిగిపోతాడు.

డబ్బు సెప్టెంబరు తర్వాత వచ్చింది కదా, దాంతో ఏం చేశారు? సగం పైన జీతాల పద్దు. అందులో ఒక ఉద్యోగం ఏడాదంతా ఖాళీగా ఉంది, ఆ జీతం మిగిలిపోయింది. దాన్ని మందులకు మళ్లించడానికి జిల్లాకు అధికారం లేదు. మిగిలిన పద్దుల్లో త్వరగా ఖర్చయ్యేవి ట్రైనింగ్, ప్రచారం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరసగా ట్రైనింగులు జరిగాయి, బ్యానర్లు, గోడ రాతలు వచ్చాయి. మార్చి 31 లోపు ఖర్చు చూపించకపోతే వచ్చే ఏడాది "పోయినసారి వాడలేదు కదా" అని కోస్తారన్న భయం ఆఫీసుల్లో అందరికీ ఉంటుంది. ఆ ట్రైనింగుల్లో ఒకదానికి నేనూ పాఠం చెప్పాను. ఏఎన్ఎంలు శ్రద్ధగా విన్నారు. చివర్లో ఒకామె లేచి, "మేడం, మీరు చెప్పినవన్నీ గుర్తుపడతాం, గుర్తుపట్టి ఎక్కడికి పంపమంటారు?" అని అడిగింది.

పింఛను

ఇంటికి రెండోసారి వెళ్లినప్పుడు ఆ తల్లి నాకు కాఫీ ఇచ్చి అరుగు మీద కూర్చుంది. ఆమెకు వితంతు పింఛను వస్తుంది. మాటల్లో ఇలా అంది:

"ఒకటో తారీకు పొద్దున్నే పింఛను మా గుమ్మంలోకొచ్చేత్తదండి. మొన్న వరదలో కూడా పడవేసుకునొచ్చి చేతిలో పెట్టెళ్లారండి. ఆయ్. ఈ సూదిమందుకి మాత్రం పడవ దొరకదాండీ?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. ఇదే ప్రభుత్వం, ఇదే లంక, ఇదే నది. నెలకోసారి, తేదీ తప్పకుండా, గుమ్మం దాకా ఒక వస్తువు చేర్చడం ఇక్కడ సాధ్యమేనని పింఛను ప్రతి నెలా రుజువు చేస్తోంది. దాన్ని ఎవరూ క్యాంపుల సంఖ్యతో కొలవరు. ఎవరికి అందలేదు అన్నదొక్కటే అడుగుతారు, అందనివారి పేరు అదే రోజు సాయంత్రానికి పైకి తెలిసిపోతుంది. మందుకు అలాంటి జాబితా లేదు.

కొడుక్కి వికలాంగుల పింఛను ఎందుకు రాలేదని అడిగాను. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద మానసిక అనారోగ్యం కూడా వైకల్యమే, 40 శాతం ఉంటే అర్హత. కానీ సదరం క్యాంపుకు స్లాటు బుక్ చెయ్యాలి, ఆ రోజు సైకియాట్రిస్టు ఉండాలి, మనిషి రావాలి. అతను బాగున్నప్పుడు వీళ్లకు అవసరం అనిపించలేదు, బాగోనప్పుడు తీసుకెళ్లలేకపోయారు. రాష్ట్రంలో 2024 జులై నుంచి ఈ పింఛను నెలకు 6,000 రూపాయలు. ఇది మానసిక ఆరోగ్య నిధుల లెక్కలో ఎక్కడా కనబడదు. కుటుంబం దృష్టిలో మాత్రం ప్రభుత్వం తమ బిడ్డ జబ్బు కోసం ఇచ్చే అన్నిటికంటే పెద్ద మొత్తం ఇదే. కాబట్టి కమ్యూనిటీ సేవలకు పెట్టిన నిధులను కొలిచేటప్పుడు దీన్ని పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం. మానసిక వైద్య క్యాంపులో ఏళ్ల తరబడి చూస్తున్న మనిషికి అక్కడే సర్టిఫికెట్ పని కూడా మొదలుపెట్టవచ్చు.

అక్టోబరు ఖర్చును కూడా లెక్కలోకి తెచ్చాను. ఆస్పత్రిలో మూడు వారాలు, అక్కడ మంచం, మందులు ప్రభుత్వానివే, కానీ అవి ఇంకో పద్దు. కుటుంబం కారుకూ, తోడున్నవాళ్ల తిండికీ, మధ్యలో ఒక ప్రైవేటు డాక్టరుకూ నూటికి మూడు రూపాయల వడ్డీకి నలభై వేలు అప్పు చేసింది. అతని వలుపు కూలి నాలుగు నెలలు పోయింది. అన్నకు దింపు పని పదిహేను రోజులు పోయింది. వంద రూపాయలు కూడా కాని మందు నాలుగు మోతాదులు అందనందుకు అయిన ఖర్చు ఇది. కార్యక్రమం ఖాతాలో మాత్రం ఆ నాలుగు నెలలకు మందుల ఖర్చు ఆదా అయినట్టే కనిపిస్తుంది.

చట్టం ఏమంటుంది

2017 చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక ఆరోగ్య సేవలు పొందడం ప్రతి వ్యక్తి హక్కు. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి మానసిక అనారోగ్యం ఉన్నవారికి ఉచితంగా, ఎల్లవేళలా దొరకాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఆ "ఎల్లవేళలా" అన్న మాట నాకు చాలా విలువైనది. అయితే ఆ హామీ కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పై స్థాయిలకు వర్తిస్తుంది. లంకవాళ్లకు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నదికి అవతల ఉంటుంది. జులైలో ఆ హక్కు కూడా అవతలి ఒడ్డునే ఉండిపోతుంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే మాట్లాడేవారు ఉన్నారు, డిప్రెషన్‌తో బాధపడే పిల్లలకు ఆ నంబరు నేనే ఇస్తుంటాను. ఇంజెక్షన్ ఫోన్‌లో రాదు.

ఏం అడిగాం, ఏం జరిగింది

రిపోర్టులో నాలుగు విషయాలు అడిగాను.

లంకలకు చేరువలో ఉన్న విలేజ్ క్లినిక్‌లో జూన్ 15 లోపు మూడు నెలల ఇంజెక్షన్లు, మాత్రలు ముందుగా పెట్టాలి. కొత్త ఏడాది డబ్బు కోసం ఆగకుండా, మార్చిలో మిగిలే సొమ్ముతో కొనాలి. ఆ నెలలో ఖర్చు చెయ్యాలన్న ఆత్రం ఎలాగూ ఉంటుంది, అది గోడలకు కాకుండా మందులకు పోతే అదే వరద కాలపు నిల్వ అవుతుంది. ఇంజెక్షన్ ఇవ్వడానికి అక్కడి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌కు, డాక్టరు చీటీ మీద, అనుమతి ఇవ్వాలి. చదువు రీత్యా ఆ అమ్మాయి నర్సే.

పడవ అద్దెకు చేతిరసీదు చెల్లేలా రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.

నెలవారీ రిపోర్టులో ఓపీ సంఖ్య పక్కన ఇంకో వరుస చేర్చాలి: ఈ నెల మందు అందాల్సినవాళ్లు ఎందరు, అందనివాళ్లు ఎవరు.

ఖాళీగా ఉన్న ఉద్యోగాల జీతం సొమ్మును మూడో త్రైమాసికం తర్వాత మందులకు వాడుకునే వీలు కల్పించాలి.

నాలుగోది ఒప్పుకోలేదు. అది జిల్లా చేతిలో ఉన్న పని కాదన్నారు. రెండోది పద్దు మార్చకుండానే దారి దొరికింది: పీహెచ్‌సీ హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ తీర్మానం చేసి, తన సొమ్ములోంచి పడవకు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ సమావేశంలో ఒక పెద్దాయన, "గర్భిణీల్ని దాటించడానికి ఇస్తున్నాం కదండి, ఇదీ రోగమే కదా" అన్నారు, అంతటితో చర్చ అయిపోయింది. మూడోది ఆ ఒక్క పీహెచ్‌సీలో మొదలైంది, పై ఫారంలో ఆ వరుస లేదు కాబట్టి విడి కాగితం మీద రాసి జతచేస్తున్నారు. మొదటిది సగం అయింది. మూడు నెలల స్టాకు అడిగితే రెండు నెలలది ఇచ్చారు, అది కూడా జూన్ ఆఖరి వారంలో చేరింది.

మరుసటి ఏడాది వరద జులై మూడో వారంలో వచ్చింది. రెండో హెచ్చరిక దాటింది. కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అంతకు నాలుగు రోజుల ముందే లంకకు వెళ్లి అతనికీ, ఇంకో ఇద్దరికీ ఇంజెక్షన్లు ఇచ్చి వచ్చింది. ఆగస్టు మోతాదు పడవలో వెళ్లి ఇచ్చింది. ఆ రెండు గడులూ నిండాయి. సెప్టెంబరుకు స్టాకు అయిపోయింది, కొత్త డబ్బు ఇంకా రాలేదు. ఈసారి అందనివాళ్ల జాబితాలో అతని పేరు మొదటి తారీకునే కనబడింది కాబట్టి, పక్క పీహెచ్‌సీ నుంచి ఒక మోతాదు అరువు తెచ్చి పన్నెండో తారీకున ఇచ్చారు. కొన్ని రోజులు ఆలస్యం. ఆ గడిని నింపాలా వద్దా అని ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. సగం నింపమన్నాను.

సదరం స్లాటు డిసెంబరుకు దొరికింది. వెళ్లేటప్పుడు అతను తెల్ల చొక్కా వేసుకుని, రేవులో పడవ తాడు తనే విప్పాడని వాళ్లమ్మ చెప్పింది. నలభై వేల అప్పులో ఇంకా ఇరవై రెండు వేలు ఉంది.